మెట్ల లెక్క

ఇల్లు కట్టినప్పుడు వీధిలోంచి
మూడు మెట్లెక్కి లోపలికొచ్చేవాళ్ళం.
మొదటి సిమెంటు రోడ్డు ఒకటి మింగింది,
రెండోది మిగతా రెండూ.
మొన్న ఆషాఢంలో వేసినదానికి
నేనే రెండు మెట్లు కట్టించుకున్నాను,
కిందికి.

పాలకొల్లు మునిసిపాలిటీలో అర్జీ ఇస్తే
ఇంజనీరు పటం పరిచి చూపించాడు:
"లెవెల్ సరిగ్గానే ఉందమ్మా, మీ ఇల్లే పల్లం."
తీర్మానం అయిపోయిందన్నాడు
కౌన్సిలర్ తాతబ్బాయి,
చెయ్యెత్తినవాళ్ళలో తనూ ఉన్నట్టు చెప్పకుండా.

రాత్రి వాన.
లాకులు ఎత్తారో లేదో,
మురుక్కాలవ గడప దాటి
కుట్టుమిషను పెడల్ దాకా వచ్చింది.
అత్తగారికి పీట వేసినట్టు
మిషన్ని ఇటుకల మీద కూర్చోబెట్టాను.

తెల్లారి, చేటతో నీళ్ళు తోడుతుంటే
ఇంటిపన్ను నోటీసు తెచ్చిన కుర్రాడు
రోడ్డు మీంచే వంగి అందించాడు.
"పెరిగింది ఆంటీ,
కాగితం తడవనివ్వకండి."