కాంటా గదిలో మూడో రౌండు

మిర్యాలగూడ బైపాసు మీద
రైస్ మిల్లు కాంటా గది.
కరెంటు పోయినా ఇన్వర్టర్ నిలబడతదని
ఇక్కడ్నే కూర్చున్న.
గోడ మీది హమాలీ రేట్ల బోర్డు
కెమెరాకు కనపడకుండ గోనెసంచి కప్పిన.
"సర్వర్ పనిచేస్తలేదు, గంట ఆగాలె" అని
తలుపుకు చీటీ అంటించిన.

అబద్ధమే.

తెర మీద ఆయన.
వెనక తెల్లగోడ, దుమ్మెరగని ఒక మొక్క.
"లింగస్వామి గారూ, వినిపిస్తోందా?"
వినిపిస్తుంది సార్.
ఊక ఊదే ఫ్యాను సప్పుడు మీకు వినిపించకుంటే చాలు.

"పనులు ఒకదాని వెనక ఒకటి వస్తుంటాయి.
ముందొచ్చింది ముందు పోవాలి.
కానీ కొన్నిటికి తొందరెక్కువ. ఎలా రాస్తారు?"

కిటికీ అవతల ముప్పై రెండు ట్రాక్టర్లు.
రాత్రి పదకొండింటికొచ్చిన త్రిపురారం పోలమ్మది
పందొమ్మిదో నంబరు.
పొద్దుగాల టీ తాగి వచ్చిన సర్పంచి బామ్మర్దిది
మూడోది.
నవ్వు ఆపుకుంట హీప్ రాసిన.
"బాగుంది. తొందర లేనివి అట్లాగే
ఎప్పటికీ మిగిలిపోతే?"

దానికి పుస్తకంల ఒక పేరుంది.
ఆకలి.
ఎవరు పెట్టిన్రో గని
వడ్లబండ్ల వరుసల నిలబడ్డోళ్ళే అయ్యుంటరు.

"ఎంతసేపు నిలబడితే
అంత ముందుకు జరపాలె సార్" అన్న.
నాలుగు లైన్లు.
పోలమ్మ పందొమ్మిది నుంచి రెండుకొచ్చింది,
తెర మీద.
బయట ట్రాలీ నీడల
తలకింద చెప్పులు పెట్టుకొని పండుకున్నది,
నా చీటీని నమ్మి.

"సరే. మీరు రాసింది,
జనం నిజంగా వాడుతున్నది ఏదైనా చెప్పండి."

చెప్పిన. ఈ కాంటా ప్రోగ్రామే.
నిండు బండి, ఖాళీ బండి, తేడా, రసీదు.
చేత్తో రాస్తే మూడు నిమిషాలు పట్టేది,
ఇప్పుడు నలభై సెకండ్లు.
ఆయన తలూపిండు.
ఏదో టైపు చేసిండు.
కొలువు దగ్గర్లనే ఉన్నట్టు అనిపించింది.

"అందులో మీకు నచ్చని నిర్ణయం?
పైవాళ్ళతో మాట తేడా వచ్చిన సందర్భం?"

దీనికి జవాబు వారం నుంచి బట్టీ పట్టిన.
బటన్ రంగు మీద ఓనరుతో వాదన,
చివరికి ఇద్దరం నేర్చుకున్న పాఠం.
అద్దం ముందు ఎంత ముద్దుగ వచ్చిందో.

నోరు తెరిస్తే
నూట నలభై రెండో లైను వచ్చింది.

"క్వింటాకు మూడు కిలోలు తీసెయ్యాలె సార్.
తేమ ఎంతున్నా, తాలు లేకున్నా."
"ఎవరు రాయమన్నారు?"
"ఓనరు."
"ఎవరు రాశారు?"

ఇన్వర్టర్ బీప్ మన్నది ఒకసారి.

"నేనే."
"దానికేం పేరు పెట్టారు?"
"సవరణ."

ఆ పేరు కోసం ఎక్కువ ఆలోచించలే సార్.
అది రాసిన నెలనే నాకు
రెండువేలు జీతం పెరిగింది.
ఈ మాట మాత్రం చెప్పలే.

ఆయన చాలాసేపు నా దిక్కు చూసిండు,
లేకుంటే నెట్టు ఆగిందో.
"మేం మెయిల్ చేస్తాం" అన్నడు.
మొక్క, గోడ, ఆయన
అన్నీ ఒకటేసారి నల్లగైనయి.

చీటీ చింపిన.
పొద్దుగూకేటప్పుడు పోలమ్మ వంతొచ్చింది.
డ్రైవరు సైదులు ఖాళీ బండి కాంటా మీదికెక్కించి
బీడీ కోసం దిగిండు.
రసీదు బయటికొచ్చింది.

"ఎంతొచ్చింది బిడ్డా?"

రోజూ ఆఖరి అంకె ఒక్కటే చదువుత.
ఇయ్యాల పైనుంచి మొదలువెట్టిన.
"కాంటా మీద ముప్పై ఆరు క్వింటాళ్ళు.
కాయితం మీద ముప్పై నాలుగు తొంభై రెండు."

ఆమె వేళ్ళ కణుపుల మీద లెక్కేసుకున్నది.
నా ప్రోగ్రాం కన్న నిదానంగనే,
తప్పు పోకుండ.

"నూటెనిమిది కిలోలు.
యాడికి పోయినయి?"

వెనక బండి హారన్ కొడుతున్నది.
ఆఫీసు గదిలకెల్లి ఓనరు తల బయటికి పెట్టిండు.
మూడు రౌండ్లల్ల ఎవ్వరూ
ఇంత సూటిగ అడగలే నన్ను.