గురువారం, రెండు నుంచి ఐదు

ఒప్పందం మీద సంతకాలైన రోజు
బొకేలు నేనే మోసుకొచ్చాను
ఆసీల్‌మెట్ట పూలకొట్టు నుంచి.
ఫొటోలో లేను.
మిషను గదిలో ఉన్నాను,
వాక్యూమ్ పంపు కింద నూనె తుడుస్తూ.

మాది జాలరిపేట. ఇంటిపేరు గరికిన.
ఇరవై ఆరేళ్లుగా ఈ మిషనుకి ఊపిరి అందిస్తున్నాను.
నీటిలో ఏ లోహం ఎంతుందో చెబుతుందది.
అది దగ్గితే
ఎక్కడ నలత చేసిందో నాకే తెలుస్తుంది.

ఏజెన్సీ నీళ్లు నాకు కొత్త కాదు.
ఏటా జీపులో వచ్చేవి సీసాలు,
ఒకటి, రెండు, మూడు అని అంకెలతో.
ఏ ఊటో, ఎవరు వంగి ముంచారో
సీసా చెప్పేది కాదు.
పేపరు చివర ఒక వాక్యం ఉండేది:
"స్థానికుల సహకారానికి కృతజ్ఞతలు."
ఆ స్థానికుల్లో నేనూ ఉన్నానో లేనో
ఎప్పుడూ అడగలేదు.

ఇప్పుడు కాగితం వేరే మాట చెప్పింది.
పాడేరు కాలేజీకి గురువారం, రెండు నుంచి ఐదు.
ఆ మూడు గంటలూ మిషను వాళ్లది.

మొదటి గురువారం పాంగి సొన్నాయి వచ్చింది.
తెల్లారి బస్సుకి ఘాటీ దిగి,
దారంతా నిలబడే వచ్చానంది.
క్యారేజీ సంచిలో తడిగుడ్డ చుట్టిన సీసాలు.
ఒక్కోదాని మీద ఊట పేరు,
పక్కన ముంచిన మనిషి పేరు.
"ఈ నీటితో వండితే అన్నం ఎర్రబడిపోతాది సార్,
ఇనుము ఎంతుందో సూడాల."
నన్ను సార్ అని ఎవరూ అనరు.

ముందు ఉత్త నీళ్లు పెట్టమంది,
మా డిస్టిల్డ్ నీళ్లు.
తీరిక లేక ఎప్పుడో మానేశాం ఆ పని.
పెట్టాను. గీత తిన్నగా పారాలి.
చిన్న గుట్ట లేచింది.
మళ్లీ పెట్టమంది. మళ్లీ గుట్ట.
ప్రొఫెసరు గారు కళ్లజోడు తుడుచుకున్నారు.
"మా ఊట కన్నా ముందు
మీ కుళాయిని అడగాల సార్."

బాయిలరు విప్పితే లోపల కాయిల్ తుప్పు.
ఎన్నేళ్లదో.
ఎన్ని పేపర్లలో ఆ తుప్పుని
కొండల ఖాతాలో రాసేశామో.
గదిలో ఎవరూ లెక్క కట్టలేదు.
ఏసీ చప్పుడు ఒక్కటే.

సాయంత్రం లాగ్ పుస్తకంలో
"నడిపినవారు" అన్న గడి దగ్గర
ఆమె పెన్ను ఆగింది.
"మీ పేరు?"
దానయ్య, అన్నాను.
"ఇంటిపేరుతో సార్."
రాసింది. కింద తన పేరు.
ఇన్నేళ్లూ ఆ గడిలో
నేను టిక్కు పెట్టేవాణ్ని, అంతే.

రెండో గురువారం వాన.
ఘాటీలో బండరాళ్లు పడి బస్సు రాలేదు.
ఒక రీసెర్చి కుర్రాడు తలుపులో నిలబడి
"ఖాళీయే కదా, నావి పెట్టుకోనా?" అన్నాడు.
ఖాళీ కాదు, అన్నాను.

వేటకెళ్లని రోజుల్లో కూడా
మా అయ్య వల విప్పి
చిరుగులు వెతుక్కునేవాడు.
ఐదు దాకా మిషను వెచ్చగా ఉంచి కూర్చున్నాను.
కొత్త కాయిల్ నుంచి నీళ్లు
సీసాలోకి చుక్క చుక్కగా.