పన్నెండు నిమిషాలు

కాటేదాన్ గోదాం రేకుల కింద
నాలుగ్గొట్టంగ లైటేసి
నేను బండ్లకు దారి రాస్త.
ఏ షట్టర్ ఎప్పుడు లేస్తది, ఏ గల్లీల ఎంత జాగ,
ముందు దింపేది ఆఖరుకు ఎక్కాలె –
ఈ ఒక్క మాట నేర్వనీకె ఏడాది పట్టింది నాకు,
రెండు చలాన్లు, పగిలిన పద్నాలుగు వాష్‌బేసిన్లు.

ట్రూప్ బజార్ తానకొస్తే మాత్రం పెన్సిల్ ఆగుతది.
తొమ్మిదిన్నర దాటితే బండిని రానియ్యరు.
తొమ్మిదీ పది కానిదే ఘేవర్ సేఠ్
అగర్బత్తి ముట్టియ్యడు, ముట్టిచ్చేదాక
గడప మీద పెట్టె పెట్టనియ్యడు.
మిగిలింది ఇరవై నిమిషాలు.
సందంటే ఇండ్ల నడుమదే అనుకున్న చిన్నప్పుడు.
కాలానికీ సందులుంటయని,
అందుల బండి మల్పుకోనీకె రాదని
ఈ కొలువుల తెలిసింది.

కంప్యూటర్ల ఆ జాగ పేరు టీబీ-7.
కరెంటు స్తంభానికీ, మూత లేని మోరీకీ నడుమ
పదకొండు అడుగులు.
ఎల్లేశం బండి ఆగాలె,
కాశప్ప, వాని తమ్ముడు ముప్పై ఆరు పెట్టెలు దింపాలె,
కదలాలె. పన్నెండు నిమిషాలు.
ఆరేండ్ల సంది పన్నెండే.
పెద్దసార్లు వస్తే ఆ వరుసే చూపెడుతుంటి,
నా లెక్క గసుంటిదని.

మొన్న మంగళవారం నలభై ఒకటి.
బుధవారం బండి మాలుతోటే వాపసొచ్చింది.
ఏమైందంటే ఎల్లేశం
పోలీసోళ్ల మీద చెప్పలే, ట్రాఫిక్ మీద చెప్పలే.
"మొఖీమ్ సాబ్ లేడు మేడం" అన్నడు,
నల్లా రాలేదన్నట్టు.

ఎవరు మొఖీమ్ సాబ్?

గురువారం నేనే ఎక్కి కూసున్న, డ్రైవర్ పక్కన,
టీబీ-7ని కండ్లార చూసుడు అదే మొదలు.
ఏడు బైకులు, ఒక నీళ్ల క్యాన్ల ఆటో.
స్తంభానికి గొలుసేసి కట్టిన చెక్కపెట్టె,
గోడ మొలకు తాళంచెవుల గుత్తి,
అరిగిన రాయి, దాని మీద మడత పెట్టిన గోనె.

కాశప్ప చెప్పిండు:
రోజూ తొమ్మిదీ పదికి ఆ ముసలాయన
ఛత్రీ ముడుస్తడు, సగం రాకిన చెవి జేబుల ఏస్కుంటడు,
బ్యాంకు మెట్ల కాడికి జరుగుతడు.
బైకోడు ఎవడన్న జొరబడితే
చెయ్యి అడ్డం పెట్టి "దో మినిట్ భాయ్" అంటడు.
బండి పోయినంక మళ్ల రాయి మీదికి.
ఎవరు చెప్పిన్రో మొదట, ఎవరికీ యాది లేదు.
ఇప్పుడు కంటి ఆపరేషన్‌కు పోయిండంట.

ఆరేండ్లు నా లెక్క అనుకున్నది
ఒక మనిషి లేసుడు.

ఆ రాత్రి ప్లాను తెరిచిన.
బండి పొడుగుకు గడి ఉంది, బరువుకు ఉంది,
షట్టర్‌కు ఉంది, నో ఎంట్రీకి ఉంది.
కొత్తది ఒకటి గీసి "లేచేటోళ్లు" అని రాసిన.
అంకె వెయ్యమన్నది.
ఒకటి వేసిన.
ఏం మారలే. అదే దారి, అదే పన్నెండు.

పదో నాడు వచ్చిండు, నల్లద్దాలు పెట్టుకొని.
ఆఫీసు తరఫున నెలకింత ఇస్తమని చెప్పవోయిన.
నవ్విండు. "జాగ సర్కారుది బేటీ,
లేసుడే నాది. దానికి కిరాయి ఏం తీస్కోవాలె?"

సరే, ఊకె పోవుడెందుకని
మూడేండ్లుగ తెరుచుకోని నా టేబుల్ డ్రాయర్ తాళం
సంచిలకెళ్లి తీసి చేతుల పెట్టిన.
బ్యాంకు మెట్ల మీదనే కూసుండి
చెవిని వెలుతురుకు పట్టి, ఒక కన్ను మూసి,
ఆపరేషన్ అయిన కన్నుతోటే చూసిండు.
అవుతలి పక్క పెట్టెలు దిగుతున్నయి.
ముప్పై మూడు, ముప్పై నాలుగు.
తాళం టక్కుమన్నది.
నలభై రూపాయలు తీస్కున్నడు,
రూపాయి తగ్గలే.

తొమ్మిదీ ఇరవై రెండు.
ఎల్లేశం హారన్ కొట్టిండు.