పేరా మూడు, ప్రశ్న ఏడు

హన్మకొండ, నక్కలగుట్ట, మూడో అంతస్తు.
ఫ్యాను గాలికి ఎగిరే ప్రశ్నపత్రాన్ని
ఎడమ మోచేత్తో అదిమిపట్టి చదువుతున్నాను:
భూమ్మీది జీవజాతుల్లో ఎక్కువ భాగానికి
ఇంకా పేరే పెట్టలేదట.

"పై పేరా ఆధారంగా మాత్రమే జవాబివ్వండి."

పై పేరాలో పాకాల చెరువు లేదు.
తెల్లారకముందే వల దులిపి
మా అమ్మ ఓదెమ్మ
జెల్లనొక దిక్కు, పరకనొక దిక్కు,
కొర్రమట్టను ప్రాణంతోనే బకెట్లో వేస్తుంది.
ఏ కుప్పలోకీ రాని వేలెడంత చారలదాన్ని
వెలుగుకు పట్టి చూసి
"ఇదొకటి" అంటుంది.
మా ఇంట్లో దాని పేరు అదే.
నర్సంపేట అంగట్ల దానికి ధర లేదు,
పులుసంతా దాని రుచే.

ఏడుకు సి. నింపేశాను.
ఎనిమిది: రచయిత వైఖరి ఏమిటి?
ఆందోళన, ఆశ, ఉదాసీనత, ఏదీ కాదు.
తప్పయితే పావు మార్కు పోతుంది.
వదిలేశాను. ఖాళీ గుండ్రం
రెప్పలేని కన్నులా చూస్తూనే ఉంది.

రాత్రి ఫోన్లో అమ్మ:
"ఏమడిగిండ్రు బిడ్డా?"
"చాపలు, పురుగులు, అన్నీ. ఎన్నున్నయని."
"పేర్లు?"
"అడగలే."

అమ్మ ఏమీ అనలేదు. వెనక
బకెట్లో కొర్రమట్ట
నీళ్లు కొడుతున్న చప్పుడు.