ఆట

"ఆట వచ్చిందమ్మా" అన్నాడు నూకతాత
కారు కిందనుంచి.
కాళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి,
ఒక చెప్పు తెగితే రాగితీగతో కట్టాడు.

మెకానిక్కుల మాటల్లో ఆటంటే
ఇనుముకీ ఇనుముకీ మధ్య
ఉండాల్సినదానికన్నా వెంట్రుకవాసి ఎక్కువ చోటు.

గాజువాక ఆటోనగర్, తొమ్మిదిన్నర.
వెల్డింగు వెలుగుకి ఎదుటి షెడ్డు గోడ
నీలంగా వెలిగి ఆరుతోంది.
నా ఆల్టో జాకీల మీద గాల్లో ఉంది.
పైన బోర్డులో 'పైడిమాంబ డ్రైవింగ్ స్కూల్',
బంపరు మీది ఎర్ర ఎల్ అక్షరం
బీచిరోడ్డు ఉప్పుగాలికి వెలిసి గులాబీ అయిపోయింది.

పద్నాలుగేళ్ళు. ఆ రాడ్డు మీద
ఎన్ని చేతులో.
కేజీహెచ్‌లో నైట్ డ్యూటీ దిగి
నిద్రకళ్ళతో రెండో గేరు వెతుక్కున్న నర్సు.
చేపలరేవులో ఐసు కొట్టే పోలారావు,
వాడి చెయ్యి మే నెలలోనూ చల్లగానే ఉండేది.
పోర్టులో ముప్పయ్యేళ్ళు క్రేను నడిపిన ముసలాయన,
ఓడ కడుపులోంచి బొగ్గు తోడినవాడు,
నా పక్కన కూర్చుని
మొదటి గేరుకే వణికాడు.
అందరూ కాస్త కాస్త
ఆ బుష్‌ని అరగదీసుకుపోయారు.
నాకు తెలీదు. బండి నడుస్తోంది కదా.

వరహాలు మాత్రం
ఆరు క్లాసులకే మానేసింది.

పెందుర్తి బళ్ళో మధ్యాహ్నం వంట చేసేది.
సొంతంగా టిఫిన్ల బండి కొంటానంది,
వేరెవడో నడపడమెందుకు, నేనే నడుపుతానంది.
అడవివరం ఎత్తులో మూడో గేరు పడలేదు.
గరగరమంది. మళ్ళీ వేసింది. మళ్ళీ గరగర.
వెనక సిటీ బస్సు హారను.
"గరిటె తిప్పడం కాదిది" అన్నాను,
ఇంకా ఏవో అన్నాను,
రాయనివి.

తను రాడ్డు వదల్లేదు.
రోడ్డువైపే చూస్తూ, చిన్నగా,
"అక్కడ ఏటీ నేదండి" అంది.

ఫీజులో మిగిలింది అడగను కూడా అడగలేదు.

నూకతాత బయటికొచ్చి అరచెయ్యి చాపాడు.
రెండు ముక్కలు,
నమిలి ఊసిన చెరకుపిప్పి రంగులో.
"దీంతో ఎలగ నడిపేవమ్మా ఇన్నాళ్ళు?"

కుర్రాణ్ణి పంపి టీకొట్టునుంచి
గ్లాసుడు వేణ్ణీళ్ళు తెప్పించాడు.
కొత్త బుష్ అందులో వేశాడు,
మెత్తబడేదాకా బీడీ కాల్చాడు.
గ్రీజు రాసి, బిగింపులో పెట్టి తిప్పితే
చప్పుడు లేకుండా ఒదిగింది.
అరవై రూపాయల ముక్క.
కూలి నాలుగొందలు.

బయల్దేరాను.
ఒకటి, టక్. రెండు, టక్.
పాత గాజువాక సిగ్నలు దాటి మూడో గేరు వేస్తే
అయిదు పడింది.
ఇంజను మూలిగింది, ఆటోవాడు తిట్టాడు.

అప్పుడు చూసుకున్నాను నా మణికట్టుని:
పైకి తోసేముందు కుడికి చిన్న వంపు,
దొంగతనంగా,
లేని చోటుని నింపుకునే వంపు.
ఎప్పుడు నేర్చుకుందో నన్నడక్కుండా.
బుష్ మారింది, చెయ్యి మారలేదు.

అంటే నేను నేర్పిందేమిటి ఇన్నాళ్ళూ?
ఈ ఊళ్ళో ఎక్కడెక్కడో,
మధురవాడలో, మల్కాపురంలో, 
కొత్త కార్లలో కూర్చుని
నా వంకర తిప్పుతూ
మూడుకి బదులు అయిదు వేసి
తమని తామే తిట్టుకునే వాళ్ళెందరో.
వంపు పట్టుబడినవాళ్ళంతా పాసయ్యారు.
ఉన్నదున్నట్టు తోసిన మనిషి ఒక్కతే
నా దగ్గర ఫెయిలు.

షీలానగర్ దగ్గర బండి పక్కకి తీశాను.
పాత రిజిస్టరులో నంబరు.
మూడు రింగులు, నాలుగు.
"ఎవరండీ?"
వెనక గిన్నెలు తోముతున్న చప్పుడు, కుళాయి చప్పుడు.

అనుకున్న మాటలు ఒక్కటీ రాలేదు.
"వరహాలూ, నువ్వన్నది నిజమే,
అక్కడ ఏమీ లేదు" అన్నాను.

కుళాయి కట్టేసిన చప్పుడు.