గాట్లు

కట్టి చూడమన్నారు గానీ ఇంటిని
విప్పి చూడమన్నవాళ్లు లేరు.
మేం విప్పాం.
మార్చి చివరి మంచులో పదకొండు రోజులు,
హెస్సె కొండల కింద, రోడ్డు వెడల్పు కోసం
ఎర్ర గుర్తు పడిన తోళ్లు ఊనేవాళ్ల ఇల్లు.

ముందు దడి ఊడదీశాం.
ఎండిన బురదలో ఇంకా పసుపు తగ్గని రై గడ్డి,
ఒక కోడి ఈక,
మెత్తినవాడి బొటనవేలు.
వేలంటే వేలు కాదు, దాని గుంట.
నా వేలు పెట్టి చూశాను. నాదే పెద్దది.

ఇనుప మేకు ఒక్కటి లేదు.
ఓక్ చీలల్ని వెనక నుంచి కొడితే
పుచ్చుపన్ను ఊడినట్టు బయటికొచ్చేవి.
దూలానికో రేకు, రేకుకో అంకె.
సుద్దతో రాయబోతే
తడిస్తే పోతుందని వెండెలిన్ కసిరాడు.

రోజూ కంచె దగ్గరికొచ్చి ఒట్టిలీ అనేది:
"ఇక్కడ పుట్టిన ఇల్లిది.
చెట్టును పీకినట్టు పీకుతున్నారు. బతకదు."
ఎనభై నాలుగేళ్ల మనిషి. ఎదురు చెప్పలేక
చీలలు లెక్కపెడుతున్నట్టు నటించేదాన్ని.

తొమ్మిదో రోజు నిట్రాడ కుసి ఊడింది.
చీకట్లోంచి వెలుగులోకొచ్చిన ఆ కొస మీద
ఉలి గాట్లు: నాలుగు నిలువు, ఒక అడ్డం.
పక్కనే, వేరే చేతితో, ఇంకా పాతవి,
ఏడు.
వెండెలిన్ కళ్లజోడు నుదుటి మీదికి తోశాడు.
ఏ దూలం చూసినా రెండు లెక్కలే.
ఒకదానికొకటి పొసగవు.

అంటే ఎవరో ఇదివరకే విప్పారు దీన్ని.
ఏ లోయ నుంచో, ఏ బాకీ కిందో,
ఎడ్లబండ్ల మీద తెచ్చారు.
ఒట్టిలీని పిలిచి చూపించాం.
చాలాసేపు తడిమింది.
"నాకెవరూ చెప్పలేదే," అంది,
ఇంటిమీద కాదు, మామీద కోపంగా.

ఇప్పుడది నలభై కిలోమీటర్ల అవతల, స్టేషన్ వెనక.
కింద రొట్టెల బట్టీ. పైన, తోళ్లు ఆరేసిన అటకలో
రాత్రి డ్యూటీ నర్సుల పిల్లలు పడుకుంటారు.
వాన పడితే దూలాలు పాత వాసన వదులుతాయి:
ఓక్ బెరడు, సున్నం, గొడ్డు చర్మం.
రోస్‌విటా తిట్టుకుంటూ కిటికీలు తెరుస్తుంది.

ఆఖరి చీల దిగకముందు
వెండెలిన్ ఉలి నా చేతికిచ్చాడు.
"రేకులు తుప్పు పడతాయి. చెక్కు."
ఏ అంకె?
"ఏదో ఒకటి. వచ్చేవాళ్లు ఎలాగూ తికమకపడతారు."

వేసవిలో ఒట్టిలీ బస్సెక్కి వచ్చింది.
అరకిలో రై రొట్టె కొంది,
ధర ఎక్కువంది,
గుమ్మం దాటుతూ, అలవాటుగా,
తల వంచింది.