ఆవగింజలో సగం

ఓస్త్రావాలో ఫిబ్రవరి.
ఏడో అంతస్తు కిటికీ బయట మంచు,
లోపల వెన్న డబ్బాలో ఎడారి.

ఆవగింజలో సగం కూడా లేని విత్తనాలు.
బొహుమిలా ఊపిరి బిగబట్టి
మడత కాగితాన్ని చూపుడువేలితో తట్టింది.
తుమ్మితే మెక్సికో అంతా నేలపాలు.

ఇసుకని ముందే ఓవెన్‌లో కాల్చింది.
ఇల్లంతా మట్టి కమురు వాసన.
"రాత్రికి వంట ఇదేనా?" అన్నాడు రదోవాన్,
ముప్పై ఏళ్లు గనిలో బొగ్గు దుమ్ము తిన్నవాడు.

ట్యూబులైటుకి సూర్యుడి ఉద్యోగం ఇచ్చింది,
రోజుకి పద్నాలుగు గంటలు,
ఆదివారం సెలవు లేదు.

తొమ్మిదో రోజు
మూత లోపల చెమట.
భూతద్దం కింద పచ్చటి పూసలు.
ముళ్లు లేవు, పొగరు లేదు,
నీళ్లు నిండిన ఒట్టి బుడగలు.
నలభై లెక్కపెట్టింది.
మర్నాటికి బూజు.
పదిహేడు.
ఆ రాత్రి ట్రామ్ నడుపుతూ
ఆగాల్సిన స్టాపు ఒకటి దాటేసింది.

ఐస్‌క్రీమ్ పుల్ల మీద పెన్సిల్‌తో తేదీ రాసి గుచ్చింది.
ఈ రకం పూయడానికి ముప్పై ఏళ్లు పడుతుందట.
ఆమెకిప్పుడు యాభై తొమ్మిది.
రదోవాన్ వేళ్లు మడిచి లెక్కవేయబోయి
సగంలో ఆపేశాడు.
దగ్గు వచ్చిందన్నాడు.
నిజంగానే వచ్చింది, చాలాసేపు.

ఏప్రిల్లో ఒక పొద్దున
డ్యూటీ దిగి వచ్చి ఇంకా బూట్లు విప్పలేదు,
వంటింట్లోంచి కేక:
"ఇలా రా, వీడికి గడ్డం మొలుస్తోంది!"

వంగి చూసింది.
నూగులాంటివి, తెల్లగా,
మూడు ముళ్లు.
వేలు ఆనించి చూసింది.
వాటికింకా గుచ్చడం రాదు.